సీసా, సిరంజి

హైదరాబాద్‌లోని కృష్ణానగర్ జిమ్ముల్లో సాయంత్రం పూట ఒక వాదన తరచూ వినిపిస్తుంది. "అన్నా, నేను మందు ముట్టను, సిగరెట్ కాల్చను. ఏడాదికో రెండు సైకిళ్లు వేస్తానంతే. రోజూ తాగేవాడి కంటే నేను నయమే కదా?" అక్కడికి కూతవేటు దూరంలో, జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36లో అదే వాదన తిరగబడి వినిపిస్తుంది. "వీకెండ్‌లో నాలుగు పెగ్గులు వేస్తాం తప్ప, ఒంట్లోకి సూదులు గుచ్చుకునే బాపతు కాదు మనం." ఇద్దరి మాటల్లోనూ ఎంతో కొంత నిజం ఉంది. అందుకే ఇద్దరూ ఆ మాట దగ్గరే హాయిగా ఆగిపోతారు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఊరు మొత్తాన్ని లెక్కలోకి తీసుకుంటే మందు చేసే నష్టం ముందు స్టెరాయిడ్ల నష్టం ఏ మూలకూ ఆనదు. పాతికేళ్ల కుర్రాడొక్కడి గుండెను లెక్కలోకి తీసుకుంటే మాత్రం సిరంజిదే వేగం. ఈ రెండూ ఒకేసారి నిజం. మొదటిది చూపించి రెండోది దాచేవాడు సూదులు అమ్ముతాడు. రెండోది పట్టుకుని మొదటిది మరిచేవాడు ఇంకో పెగ్గు పోసుకుంటాడు.

అసలు విషయంలోకి వెళ్లేముందు ఒక చిక్కు విప్పాలి. ఉబ్బసానికి ఇన్‌హేలర్‌లో వాడేది, కరోనా రోజుల్లో ఆసుపత్రుల్లో ఇచ్చిన డెక్సామెథాసోన్, కీళ్లనొప్పులకు పల్లెటూరి ఆర్‌ఎంపీ పొడిచే సూది, ఇవన్నీ కార్టికోస్టెరాయిడ్లు. అవి వాపు తగ్గించే మందులు. కండ పెంచడం అటుంచి, విచ్చలవిడిగా ఏళ్ల తరబడి వాడితే కండనూ ఎముకనూ తినేస్తాయి. జిమ్ముల్లో చేతులు మారేవి అనబాలిక్ స్టెరాయిడ్లు: టెస్టోస్టెరాన్, దాన్ని అటూ ఇటూ మార్చి తయారుచేసిన నాండ్రోలోన్, స్టానోజోలాల్, మెథాండ్రోస్టెనోలోన్ వగైరా. ఈ అధ్యాయంలో స్టెరాయిడ్ అంటే ఇవే. వీటిని కొన్ని వారాలు వరుసగా వాడి ఆపడాన్నే జిమ్ భాషలో సైకిల్ అంటారు. ఇది చదివి ఎవరూ డాక్టరు రాసిచ్చిన ఇన్‌హేలర్‌ను పక్కన పెట్టకండి.

ఫిల్మ్‌నగర్‌లోనే ఎందుకు?

బలానికి తెలుగువాళ్లు చెప్పుకునే మొదటి పేరు కోడి రామమూర్తి నాయుడు. ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టి, గత శతాబ్దపు తొలి దశకాల్లో దేశమంతా తిరిగి కలియుగ భీముడనిపించుకున్నాడు. టెస్టోస్టెరాన్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది 1935లో. అంటే ఆయన పేరు మోగిపోతున్న రోజుల్లో ఆ హార్మోన్ సీసాలో దొరికే వస్తువే కాదు. మెథాండ్రోస్టెనోలోన్ డయానాబాల్ మాత్రగా అమెరికా మార్కెట్లోకి వచ్చింది 1958లో. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఈ మందుల్ని నిషేధించింది 1975లో. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో బెన్ జాన్సన్ వంద మీటర్లు 9.79 సెకన్లలో పరుగెత్తి, స్టానోజోలాల్‌తో పట్టుబడి, పతకం తిరిగిచ్చేశాక ఆ పేరు మన పేపర్లలోనూ పడింది. అప్పటికీ తెలుగు హీరోకు సిక్స్‌ప్యాక్ అక్కర్లేదు. పొట్ట ఉన్నా పాటకు అడ్డం రాలేదు.

2007 సంక్రాంతికి 'దేశముదురు' వచ్చింది. అల్లు అర్జున్ చొక్కా విప్పిన ఆ సినిమాతో తెలుగులో సిక్స్‌ప్యాక్ ఒక కొలమానమైంది. ఎవరు ఎలా సాధించారన్నది నా విషయం కాదు. మంచి ట్రైనరు, వంటమనిషి, ఏడాది సమయం, నిద్ర చేతిలో ఉన్నవాడు కష్టపడి తెచ్చుకోగలడు. నేను మాట్లాడుతున్నది ఆ నాలుగూ లేని కుర్రాడి గురించి. ఇందిరానగర్‌లో గది పంచుకుని, పొద్దున్నే ఫిల్మ్‌నగర్ ఆఫీసుల చుట్టూ ఫోటోలు పట్టుకుని తిరిగి, "బాడీ ఉంటే చూద్దాం, రెండు నెలల్లో కనపడు" అన్న మాట విని వచ్చినవాడి గురించి. శరీరం తన తీరిక చూసుకుని పెరుగుతుంది. షెడ్యూలుకు ఆ ఓపిక ఉండదు. ఆ సందులో దూరేదే సిరంజి.

మందు దూరే సందు వేరు. ఈ సినిమా పరిశ్రమలో అవకాశం సగం ఆఫీసులో పుడితే సగం సాయంత్రం పుడుతుంది. కథ సిట్టింగు, సక్సెస్ మీటు, పుట్టినరోజు, ఫ్లాపు దిగులు, అన్నింటికీ గ్లాసు ఉంటుంది. "తీసుకోవా?" అని పెద్దవాళ్లు అడిగినప్పుడు కాదంటే ఎక్కడ గుర్తుంచుకోరో అన్న భయం కొత్తవాడికి ఉంటుంది. అలా ఒకే మనిషి పొద్దున మాత్ర మింగి, రాత్రి గ్లాసు పట్టుకుంటాడు. మందా, స్టెరాయిడా అని మనం కూర్చుని పోలుస్తున్నాం గానీ ఫిల్మ్‌నగర్‌లో చాలామందికి ఆ రెండూ కలిపే వస్తాయి.

ఇక్కడ అక్కినేని నాగేశ్వరరావు గుర్తుకొస్తారు. తెలుగు తెరమీద తాగుబోతు అంటే ఇప్పటికీ 1953 నాటి దేవదాసే. ఆ మత్తుకళ్ల కోసం తాగలేదనీ, రాత్రిళ్లు షూటింగు పెట్టి నిద్ర బరువును కళ్లమీదికి తెచ్చారనీ చెబుతారు. శరీరానికీ అదే వర్తిస్తుంది. తెరమీద కనిపించే కండ ఒక్క రోజుది, ఒక్కో షాటుది. ముందు నిమిషం పుషప్స్‌తో ఎక్కించిన పంపు, ఒంటికి రాసిన నూనె, పక్కనుంచి పడే లైటు, ఆ పైన గ్రాఫిక్స్. దాన్ని చూసి ఏడాది పొడవునా అలాగే ఉండాలని సూది గుచ్చుకునేవాడు సినిమా కోసం కాదు, సినిమాను నమ్మి చెడుతున్నాడు.

పట్టికలతో వాదన

జిమ్ కుర్రాళ్ల ఫోన్లలో ఒక బొమ్మ తిరుగుతూ ఉంటుంది. 2010లో డేవిడ్ నట్, సహచరులు లాన్సెట్ పత్రికలో ప్రచురించిన పట్టిక అది. ఇరవై మత్తుమందులకు, ఇతర పదార్థాలకు వందకు ఇన్ని అని హాని మార్కులు వేశారు. మద్యానికి 72, అందరికంటే ఎక్కువ. హెరాయిన్ 55. అనబాలిక్ స్టెరాయిడ్లు ఎక్కడో అడుగున, 10 దగ్గర. "చూశారా సార్, సైన్సే చెప్పింది" అంటారు.

సైన్సు చెప్పింది నిజమే. ఏం చెప్పిందో చూడాలి. ఆ 72లో సగానికి పైగా తాగినవాడు ఇతరులకు చేసే హాని: రోడ్డు ప్రమాదాలు, ఇంట్లో కొట్టడాలు, పోలీసులకూ ఆసుపత్రులకూ అయ్యే ఖర్చు. పైగా మద్యం కోట్లమంది తాగుతారు, స్టెరాయిడ్లు కొద్దిమందే వాడతారు. దేశం మొత్తానికి ఏది ఎక్కువ నష్టం అన్న ప్రశ్నకు అది సరైన పట్టిక. "నాకు, ఈ ఒంటికి, వచ్చే పదేళ్లలో ఏమవుతుంది?" అన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

ఊరి లెక్క మన దగ్గర ఎలా ఉందంటే, 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో 43 శాతం తాగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో 23, దేశం సగటు 19. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2019 ఒక్క ఏడాదే మద్యం వల్ల పోయినవాళ్లు 26 లక్షల మంది. స్టెరాయిడ్లు ఆ దరిదాపులకు కూడా రావు.

ఇక ఒంటి లెక్క. డెన్మార్క్‌లో మామూలు జిమ్ముల్లో కూడా డోపింగ్ పరీక్షలు చేస్తారు. 2006, 2018 మధ్య అలా పట్టుబడిన 1,189 మంది మగవాళ్లను, అదే వయసు సాధారణ జనంలోంచి తీసిన 59,450 మందితో పోల్చారు. ఫలితాలు 2024లో వచ్చాయి. పట్టుబడేనాటికి వాళ్ల సగటు వయసు 27. సగటున పదకొండేళ్లు గమనిస్తే, వాడినవాళ్లలో 33 మంది పోయారు, అంటే నూటికి దాదాపు ముగ్గురు. మిగతా జనంలో నూటికి ఒక్కరు. ఇందులో ఒక మెలిక ఉంది. సూది వాడే కుర్రాళ్లలో ఇతర మత్తుమందులూ, దూకుడు బతుకూ ఎక్కువే కావచ్చు కాబట్టి మొత్తం తప్పు స్టెరాయిడ్ మీద వేయలేం. అయినా నలభై దాటకముందే చావు ముప్పు దాదాపు మూడు రెట్లు అన్నది చిన్న మాట కాదు. వారానికోసారి ఒకటి రెండు పెగ్గులు తాగే పాతికేళ్లవాడి లెక్క ఇంత ఘోరంగా ఉండదు. అదే వయసులో రోజూ క్వార్టర్ తాగేవాడితో పోల్చినప్పుడు మాత్రం ఆ ధీమా ఉండదు.

గుండె

ఈ పోలికలో ఎక్కువసేపు ఆగాల్సిన చోటు ఇదే.

2017లో అమెరికాలో బరువులెత్తే 140 మంది మగవాళ్ల గుండెల్ని పరీక్షించారు. అందరూ 34, 54 ఏళ్ల మధ్యవాళ్లు, 86 మంది ఏళ్లతరబడి స్టెరాయిడ్లు వాడినవాళ్లు, 54 మంది వాడనివాళ్లు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి నెడుతుందో ఎకో పరీక్షలో చూస్తారు. వాడనివాళ్లలో అది సగటున 63. వాడినవాళ్లలో 52. ఆ సమయంలో సైకిల్ మీద ఉన్నవాళ్లలో 49. కొంతకాలంగా మానేసినవాళ్లలో 58. ఈ చివరి అంకె మీద నాకు ఆశ ఉంది, మానేస్తే చాలావరకు కోలుకుంటుంది. అయితే గుండెకు రక్తం తెచ్చే ధమనుల్లో పేరుకున్న కొవ్వు గట్టు ఎన్నేళ్లు వాడితే అంత ఎక్కువగా కనిపించింది. మానేసినంత మాత్రాన అది కరిగిపోతుందని ఎవరూ భరోసా ఇవ్వలేరు. 45 ఏళ్లలోపే గుండెపోటు వచ్చినవాళ్లు ముగ్గురున్నారు. ముగ్గురూ వాడినవాళ్లే.

ఎందుకిలా? స్టెరాయిడ్ మంచి కొలెస్ట్రాల్‌ను పడగొడుతుంది, చెడ్డదాన్ని పెంచుతుంది. ఎర్రరక్తకణాల్ని పెంచి రక్తాన్ని చిక్కబరుస్తుంది, బీపీ ఎక్కిస్తుంది. గుండె కూడా కండే కదా, అదీ మందమవుతుంది. చేతి కండ మందమైతే చొక్కా బిగుసుకుంటుంది, గుండె కండ మందమైతే లోపల రక్తానికి చోటు తగ్గుతుంది. ఇవేవీ నొప్పి పుట్టించవు. అద్దంలో చూసుకుంటే జీవితంలో ఎప్పుడూ లేనంత ఆరోగ్యంగా కనిపిస్తాడు. తాగేవాడికి కనీసం పొట్ట, కళ్లు, వణుకు కాస్త ముందే చాడీ చెబుతాయి. సూది వాడేవాడి ఒళ్లు చివరిదాకా అతనికి అబద్ధమే చెబుతుంది.

మందు కూడా గుండెను వదలదు. బీపీ పెంచుతుంది. ఒక్క రాత్రి బాగా తాగినా గుండె లయ తప్పి ఆసుపత్రికి వచ్చేవాళ్లున్నారు. ఏళ్లతరబడి తాగితే గుండె సాగిపోయి, పంపు బలహీనమవుతుంది. మానేస్తే దీన్లోనూ కొంత మెరుగు ఉంటుంది. "గుండెకు మంచిదని డాక్టర్లే అన్నారుగా, రెడ్ వైన్" అనే మాటకు ఇక సెలవు ఇవ్వొచ్చు. పాత అధ్యయనాల్లో తాగనివాళ్ల జాబితాలో జబ్బుచేసి మానేసినవాళ్లు కూడా కలిసిపోవడంతో తాగేవాళ్లు ఆరోగ్యంగా కనిపించారు. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూటిగానే చెప్పింది: ఆరోగ్యానికి సురక్షితమైన మద్యం మోతాదు అంటూ లేదు.

లివర్, క్యాన్సర్

ఈ రెండు చోట్లా మందుదే పైచేయి. 1988లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మద్య పానీయాలను క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో, పొగాకు పక్కన చేర్చింది. నోరు, గొంతు, అన్నవాహిక, లివర్, పెద్దపేగు, ఆడవాళ్లలో రొమ్ము. రొమ్ము విషయంలో కొద్దిపాటి మోతాదు కూడా ముప్పు పెంచుతుంది. పార్టీలో వైన్ గ్లాసు పట్టుకుంటే అదేదో మర్యాదైన తాగుడు అనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. సింగిల్ మాల్ట్‌లో ఉన్నదీ చీప్ లిక్కర్‌లో ఉన్నదీ ఒకే ఇథనాల్. కణానికి బ్రాండు తెలియదు.

లెక్క కూడా సరిగ్గా తెలుసుకోండి. మన విస్కీ 42.8 శాతం. 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో పది గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. క్వార్టర్ అంటే అరవై గ్రాములు. "నేను బీరే తాగుతాను" అనేవాడు ఎనిమిది శాతం స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా ఒకటి ఖాళీ చేస్తే నలభై గ్రాములు దాటినట్టే, అంటే నాలుగు చిన్న పెగ్గులు. శనివారం రాత్రి చెక్‌పోస్టు దగ్గర పోలీసుల బ్రీత్ ఎనలైజర్ దాటేస్తే గండం గడిచిందనుకుంటాం. లివర్ మాత్రం ఆ లెక్కను ఏళ్లతరబడి రాసుకుంటూ పోతుంది. ముందు కొవ్వు పడుతుంది. ఆ దశలో మానేస్తే కొన్ని వారాల్లోనే తేరుకుంటుంది, ఇంత క్షమించే అవయవం ఇంకోటి లేదు. తర్వాత వాపు, ఆ తర్వాత మచ్చ. మచ్చ గట్టిపడి సిరోసిస్ అయ్యాక వెనక్కి రావడం చాలా కష్టం.

స్టెరాయిడ్లలో మింగే మాత్రలు లివర్‌కు ఎక్కువ చేటు. కామెర్లు, లివర్‌లో రక్తపు తిత్తులు, అరుదుగా కణుతులు. ఇంజెక్షన్లు లివర్‌ను అంతగా బాధించవు. దాన్ని పట్టుకుని "సూదైతే సేఫ్" అని ట్రైనర్లు చెబుతారు, గుండె సంగతి దాటేసి. మాత్రలు మింగుతూ రాత్రి తాగేవాడి లివర్‌కు రెండు వైపులా పనే.

ఇద్దరూ కలిసే చోటు

మగతనం కోసం అని సూది గుచ్చుకుంటారు, మగాడినని గ్లాసు ఎత్తుతారు. చివరికి రెండూ ఒకే పని చేస్తాయి. బయటినుంచి టెస్టోస్టెరాన్ వస్తుంటే మెదడు "ఇక చాలు" అని సొంత ఉత్పత్తి ఆపేస్తుంది. వృషణాలు చిన్నవవుతాయి, వీర్యకణాలు సున్నాకు పడిపోవచ్చు. ఎక్కువైన హార్మోన్ కొంత ఈస్ట్రోజెన్‌గా మారి మగవాడికి రొమ్ములు వస్తాయి. అవి ఒకసారి పెరిగాక చాలాసార్లు సర్జరీ తప్ప దారి ఉండదు. దీర్ఘకాలం తాగేవాడిలో వృషణాల మీద నేరుగా దెబ్బ పడి, చెడిన లివర్ ఈస్ట్రోజెన్‌ను సరిగా వదిలించలేక, అదే రొమ్ము, అదే కుంగిన వృషణం. ఫలితాల వరకు చూస్తే ఇద్దరి మెడికల్ రిపోర్టులూ అన్నదమ్ముల్లా ఉంటాయి. సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్లిన భార్యాభర్తల్లో పరీక్షలన్నీ ముందు ఆవిడకే చేయిస్తాం. కండలు తిరిగిన మొగుడికి లోపం ఉంటుందని అత్తగారు కలలో కూడా అనుకోదు.

ఆడవాళ్లకైతే స్టెరాయిడ్ ఇంకో వరస. గొంతు మగగొంతులా బొంగురుపడితే మానేసినా చాలావరకు తిరిగి రాదు. గొంతు మీద బతికే డబ్బింగ్ ఆర్టిస్టులు, గాయనులు, నటీమణులు ఉన్న పేట ఇది. "ఫ్యాట్ కటింగ్ కోసం చిన్న డోసే" అని ఎవరైనా అంటే ఆ జిమ్ మానేయండి.

మనసు సంగతికొస్తే, మందు ఎక్కువగా తాగేవాళ్లలో బీ1 విటమిన్ పడిపోయి మెదడు దెబ్బతింటుంది, జ్ఞాపకం పోతుంది. సైకిల్ మీద ఉన్నవాడికి చిరాకు, కోపం. దిగిపోయాక వారాల తరబడి ఏమీ తోచని దిగులు. సొంత హార్మోన్ ఇంకా లేవలేదు, వాడిన హార్మోన్ అయిపోయింది. ఆ దిగులు తట్టుకోలేకే మళ్లీ మొదలుపెడతారు. వ్యసనం అంటే మత్తెక్కేదే అనుకునే మనకు ఈ వ్యసనం కనపడదు.

ఎందుకు మనకు ఒకటే కనపడుతుంది?

సావిత్రి గురించి తెలియని తెలుగు ఇల్లు లేదు. తాగుడు, మధుమేహం కలిసి కుంగదీయగా ఏడాదిన్నరకు పైగా కోమాలో ఉండి 1981 డిసెంబర్ 26న మద్రాసులో కన్నుమూశారు. యాభై కూడా నిండలేదు. 2018లో 'మహానటి' వచ్చాక ఆ కథ మరో తరానికీ చేరింది. మందు మనిషిని ఏం చేస్తుందో చెప్పడానికి మన దగ్గర కథ ఉంది, ముఖం ఉంది, కన్నీళ్లున్నాయి.

స్టెరాయిడ్‌కు అలాంటి కథ లేదు. ఉండదు కూడా. ఎక్కడైనా కండలు తిరిగిన ముప్పై అయిదేళ్లవాడు జిమ్‌లో కూలిపోతే సర్టిఫికెట్లో పడేది గుండెపోటు అన్న మాట. ఏం వాడేవాడో తెలిసిన ట్రైనరు నోరు విప్పడు, స్నేహితులు విప్పరు, ఇంట్లోవాళ్లకు అసలు తెలియదు. జిమ్‌లో పోయిన ప్రతివాడూ వాడినవాడని నేననడం లేదు. వాడినవాడు పోయినా మనకు తెలియదంటున్నాను. కథ లేని ప్రమాదాన్ని జనం ప్రమాదమని నమ్మరు.

ఇంకో తేడా. మద్యం సీసా మీద శాతం రాసి ఉంటుంది, ఎంత తాగామో లెక్క కట్టుకోవచ్చు. అనబాలిక్ స్టెరాయిడ్లు మన దేశంలో షెడ్యూల్ హెచ్ మందులు, చీటీ లేకుండా అమ్మకూడదు. బిల్లు లేకుండా జిమ్‌లో చేతికొచ్చే సీసాలో ఏముందో, ఎంత ఉందో, అది శుభ్రంగా తయారైందో లేదో అమ్మేవాడికే తెలియదు. ఆపరేషన్ బల్ల మీద పడిపోయిన బీపీని లేపడానికి మత్తు డాక్టర్లు వాడే మెఫెంటర్మిన్ ఇంజెక్షన్‌ను కూడా "ఎనర్జీ" పేరుతో అమ్ముతుంటే హైదరాబాద్‌లో పోలీసులు పట్టుకున్నారు. అది స్టెరాయిడ్ కూడా కాదు. బీపీ మామూలుగా ఉన్న మనిషి అది గుచ్చుకుని బరువులెత్తడం ఆత్మహత్యకు దగ్గర దారి.

ఇప్పుడేం చేయాలి?

ఇంకా మొదలుపెట్టనివాళ్లకు: కొత్తగా బరువులెత్తేవాడు మంచి తిండి, నిద్ర ఉంటే మొదటి నెలల్లో నెలకో కిలో కండ వేస్తే గొప్ప. మూడు నెలల్లో పది కిలోలు ఇప్పిస్తానన్న ట్రైనరు ఏం ఇప్పిస్తాడో అర్థం చేసుకోండి. "అన్నా, డాక్టరు వద్దన్నాడు" అనండి, ఏ డాక్టరని ఎవరూ అడగరు. పార్టీలో సోడాలో నిమ్మరసం పిండించుకుని గ్లాసు చేత్తో పట్టుకోండి. ఖాళీ చేయి కనపడితేనే పోస్తారు.

చొక్కా విప్పే షాటు ఉన్నవాళ్లకు: రెండు రోజులు నీళ్లు మానేసి, మూత్రం ఎక్కువ పోయే మాత్రలు మింగి నరాలు తేల్చే అలవాటు ఉంది. పొటాషియం తారుమారైతే గుండె ఆగిపోతుంది. ఆ షాటు అయ్యాక అదే ఎండిన ఒంటితో పార్టీకి వెళ్లి తాగడం అంతకంటే ప్రమాదం. డైరెక్టరుతో మాట్లాడండి, లైటింగూ గ్రాఫిక్సూ అందుకే ఉన్నాయి.

సైకిల్ మీద ఉన్నవాళ్లకు: బీపీ, లిపిడ్ ప్రొఫైల్, రక్తం చిక్కదనం తెలిపే సీబీపీ, లివర్, కిడ్నీ పరీక్షలు, ఈసీజీ, ఎకో. ఇవి జూబ్లీహిల్స్‌లోనూ జరుగుతాయి, పంజాగుట్ట నిమ్స్‌లోనూ జరుగుతాయి. ఒక చిట్కా: బరువులెత్తేవాళ్లలో కండ అరిగినందుకే ఏఎస్టీ, ఏఎల్టీ పెరుగుతాయి, జీజీటీ కూడా చూస్తే లోపం లివర్‌దో కండదో తేలుతుంది. క్రియాటినిన్ కూడా కండ ఎక్కువున్నందుకు పెరగొచ్చు. కాబట్టి వాడుతున్న మందు పేరు డాక్టరుకు దాచితే రిపోర్టులు చదవడమే తప్పుతుంది. మానేటప్పుడు సొంత హార్మోన్‌ను లేపుతాయంటూ ట్రైనరు ఇచ్చే "పీసీటీ" మాత్రల జోలికి పోకుండా ఎండోక్రైనాలజిస్టును కలవండి. టెస్టోస్టెరాన్, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ పరీక్షలు, పిల్లలు కావాలనుకునేవాళ్లకు వీర్యపరీక్ష ఆయనే రాస్తారు. ముఖ్యంగా మానేశాక వచ్చే దిగులు గురించి ఇంట్లో ఒక్కరికైనా చెప్పి ఉంచండి.

తాగేవాళ్లకు: తగ్గించుకోవాలని అనిపించిందా? ఎవరైనా మీ తాగుడు గురించి అంటే కోపం వచ్చిందా? తర్వాత తప్పు చేసిన భావం కలిగిందా? పొద్దున్నే చేతులు నిలవడానికి ఒకటి వేయాల్సి వచ్చిందా? రెంటికి అవునంటే డాక్టరును కలవాల్సిన సమయం. నాలుగోదానికి అవునంటే మాత్రం ఏ దీక్షలోనో పంతంలోనో ఒక్కరోజులో మానేయకండి. రోజూ తాగే శరీరానికి ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో ఫిట్స్, భ్రాంతులు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఆసుపత్రిలో చేరి, మందులతో మానాలి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో ఆ వైద్యం ఉంది. లివర్ పనితీరు పరీక్ష, అదే ఎల్‌ఎఫ్‌టీ, నార్మల్ వచ్చిందని పండగ చేసుకోవద్దు. మచ్చ మొదలైన లివర్‌లో కూడా అది నార్మల్‌గా రావచ్చు. ఆ మచ్చను కొలిచే ఫైబ్రోస్కాన్ అడగండి.

పేరున్నవాళ్లకు ఆసుపత్రి మెట్లెక్కడమే భయం, యూట్యూబ్ థంబ్‌నెయిల్ కళ్లముందు కనపడుతుంది. పేరు రానివాళ్లకు డబ్బు భయం. ముందడుగు ఇద్దరికీ ఒకటే నంబరుతో వేయొచ్చు. కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్, 14416. రాత్రీ పగలూ పలుకుతారు, డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు.